180 గంటల స్టెర్న్‌డ్రైవా, 620 గంటల అవుట్‌బోర్డా?

లేనియర్‌వాసి: మేముండేది జార్జియాలో, కమ్మింగ్‌లో. లేక్ లేనియర్ దగ్గరే. సెకండ్‌హ్యాండ్ బోట్లు రెండు చూసొచ్చి ఎటూ తేల్చుకోలేకపోతున్నా. ఒకటి 2005 సీ రే 185, 4.3 లీటర్ల మెర్‌క్రూజర్ స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్ వెనక బయట), ఇంజిన్ నడిచిన లెక్క చూపే మీటర్‌లో 180 గంటలే, 11 వేల డాలర్లు. రెండోది 2007 హరికేన్ డెక్‌బోట్ (వెడల్పాటి చదును డెక్ ఉండే బోటు), యమహా 150 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ (ఇంజిన్ మొత్తం బోటు వెనక బయటే తగిలించి ఉంటుంది), 620 గంటలు, 16 వేలు. నా మనసు మొదటిదాని మీదే ఉంది, అంత తక్కువ తిరిగింది మళ్లీ దొరుకుతుందా?

గేర్‌ఆయిల్: అన్నా, ఆ 180 చూసి ముచ్చటపడకు. ఇన్నేళ్లలో 180 గంటలంటే ఏడాదికి పది గంటలు కూడా నడవలేదు, మిగతా కాలమంతా ఊరికే పడుంది. పడున్న బోటే ఎక్కువ పాడవుతుంది: ఇంజిన్‌కి నీళ్లు తోడే పంపులోని ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి, ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులోనే చెడిపోతుంది, డ్రైవ్ దగ్గరి బెల్లోస్ అనే రబ్బరు తొడుగు మడతలు చీలితే డ్రైవ్ షాఫ్ట్‌ని మోసే గింబల్ బేరింగ్‌లోకి నీళ్లు పోతాయి. అన్నిటికన్నా నాకు భయం చలితోనే. ఆ ఇంజిన్ చాలావరకు సరస్సు నీళ్లతోనే చల్లబడుతుంది, ఆ నీళ్లు ఇంజిన్ బ్లాక్‌లో మిగిలి గడ్డకడితే ఇనుము పగిలిపోతుంది. 2022 క్రిస్మస్ చలి గుర్తుందిగా? ఆ తర్వాతి వేసవిలో, "వింటరైజ్ చేయించాం" (అంటే చలికాలానికి ముందు నీళ్లు తీయించి ఇంజిన్‌ని సిద్ధం చేయించాం) అన్న మాట నమ్మి నేనూ ఇలాంటిదే కొన్నా. మూడో ట్రిప్పుకి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులో ఉంది. బ్లాక్ పగిలిందన్నారు, ఆ సమ్మరంతా బోటు డ్రైవ్‌వేలోనే. అవుట్‌బోర్డ్‌ని కిందికి దించి నిటారుగా ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి.

బోటుమామ: నేను ఒప్పుకోను తమ్ముడూ. 4.3 షెవీ ట్రక్కు ఇంజిన్ కుటుంబంలోదే, పార్టులు సులువుగా దొరుకుతాయి. ఆ యమహా పోయిందా, కొత్తది పెట్టించడానికి బోటు ధరంత అవుతుంది. పైగా పిల్లలున్న ఇంటికి స్టెర్న్‌డ్రైవ్ వెనకాల ఉండే స్విమ్ ప్లాట్‌ఫామ్, అదే నీళ్లలోకి దిగే అరుగు, ఎంత సుఖమో! ఈతకీ, బోటు వెనక ట్యూబ్ మీద లాగించుకునే ట్యూబింగ్‌కీ ఇంజిన్ అడ్డం రాదు.

గేర్‌ఆయిల్: ప్లాట్‌ఫామ్ మాట నిజమే మామా, నేనూ దానికే పడిపోయా. అన్నా, ఏది కొన్నా ముందు ఇది చెయ్యి. నువ్వు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని ఓనర్‌కి చెప్పు, చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో చూడాలి. ప్రొపెల్లర్ దగ్గరి గేర్ల పెట్టె కింది డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేయించు, గేర్ ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు చేరినట్టే. ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) మీద చిన్న సుత్తితో తట్టు, మొద్దుగా మోగితే లోపల చెక్క కుళ్లిందేమోనని అనుమానించు, డెక్‌బోట్‌కి కూడా ఇది తప్పదు. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) అన్ని సిలిండర్లలో దగ్గరదగ్గరగా ఉండాలి. బోటుని తనిఖీ చేసే సర్వేయర్ ఫీజు దగ్గర మాత్రం వెనకాడొద్దు. ప్రతి శీతాకాలం వింటరైజ్ చేయించిన బిల్లులు సీ రే వాళ్లు చూపిస్తే నేను కూడా మామ పక్షమే. బిల్లుల్లేవంటే 8 వేలకిచ్చినా తీసుకోవద్దు, ఆ డెక్‌బోట్ బేరమే ఆడు.