1969 క్యాంపర్ వ్యాన్ ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు: సలహా కావాలి

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మాది 1969 ఫోక్స్‌వ్యాగన్ బే విండో క్యాంపర్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. మొన్న వేల్స్ కొండ దిగుతుంటే డ్రమ్ములు బాగా వేడెక్కి, పెడల్ ఎంత తొక్కినా బండి సరిగ్గా ఆగలేదు. ఘాటైన వాసన. వెనక పిల్లలున్నారు, చాలా టెన్షన్ పడ్డాను.

ముందు చక్రాలకి డిస్కులు వేయిద్దామనుకుంటున్నాను. 1971 మోడల్ భాగాలు పెడితే వీల్ బోల్టుల కొలత (బోల్టులు అమరి ఉండే వృత్తం వ్యాసం) 205 మి.మీ. నుంచి 112కి మారుతుంది. అప్పుడు వెనక డ్రమ్ములూ, స్టెప్నీతో సహా ఐదు రిమ్ములూ మార్చాలి. ఈ పాత రిమ్ములంటే నాకు ప్రాణం. 205 కొలతతోనే ఉండే డిస్క్ కిట్ ఎవరైనా వాడారా? డ్రమ్ములకోసం చేసిన మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకులకి ఆయిల్ ఒత్తిడి పంపేది) అలాగే ఉంచితే, బ్రేక్ లైనులో ఒత్తిడి నిలిచిపోయి ప్యాడ్లు డిస్కుకి రాసుకుంటాయా? సర్వో (పెడల్ తొక్కే బలాన్ని పెంచే బూస్టర్) లేకపోతే పెడల్ మరీ గట్టిగా ఉంటుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.