తమ్ముడు అగ్నివీర్‌కు పోతానంటున్నాడు, అమ్మ వద్దంటోంది. పంపాలా, ఆపాలా?

పరకాల అక్క
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. తమ్ముడికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. సైన్యంలో నాలుగేళ్ల నౌకరీ అయిన అగ్నివీర్ రాత పరీక్ష పాసయ్యాడు, హనుమకొండలో భర్తీ ర్యాలీకి అడ్మిట్ కార్డు వచ్చింది. రోజూ చీకటితోనే లేచి రోడ్డు మీద ఉరుకుతున్నాడు. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు సత్యసాయి జిల్లా అగ్నివీర్ నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన వార్త టీవీలో చూసినప్పటి నుంచి ఆమెకు అదే టెన్షన్. ప్రాణం సంగతి ఒకటైతే, తిరిగొచ్చినవాళ్లు కూడా మునుపటి మనుషుల్లా ఉండరని అంటుంది. వాడు మరీ మెత్తన. ఇంట్లో కోడిని కోస్తుంటే ఇప్పటికీ బయటికి పోతాడు. ఇలాంటివాణ్ని పంపొచ్చా? మిలిటరీలో చేసినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు చెప్పండి. జీతం లెక్కలు నాకు తెలుసు, అవి వద్దు.

లెక్కల మనిషి
లెక్కలు వద్దంటే ఎలా చెల్లీ, కథంతా అక్కడే ఉంది. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు సేవానిధికి కోసి చేతికి 21 వేలు ఇస్తారు. నాలుగో ఏడాదికి 40 వేలు, చేతికి 28. చివర్లో ఇచ్చే నిధిలో మన జీతంలో కోసింది 5.02 లక్షలు, సర్కారు కలిపేది 5.02 లక్షలు, పైన వడ్డీ. అంటే సగం మన పైసలే. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. నలుగురిలో ఒకణ్ని ఉంచుకుని ముగ్గురిని ఇంటికి పంపుతారు.

కేయూ రన్నర్
1600 మీటర్లు ఎంతలో కొడుతున్నాడు అక్కా? ఐదున్నర నిమిషాల్లోపు అయితే 60 మార్కులు. బీమ్ (కడ్డీ పట్టుకుని పైకి లేవడం) పది తీస్తే 40.

హవల్దార్ సాబ్, హుజూరాబాద్
బిడ్డా, నేను ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యాను. కార్గిల్ అప్పుడు ద్రాస్‌లో ఉన్నాను. మెత్తనోడా గట్టోడా అనేది ఇంట్లో కూర్చుని తేల్చే సంగతి కాదు. ట్రైనింగ్‌లో మీసం మెలేసినవాడు మొదటి షెల్లింగ్‌కే బంకర్ మూలకు నక్కడం చూశాను. నోట్లో నాలుక లేని పిల్లగాడు గాయపడ్డవాణ్ని వీపున వేసుకుని చీకట్లో కొండ దిగి రావడమూ చూశాను. అక్కడ ఎవణ్నీ ఒంటరిగా వదలరు. తిండి, నిద్ర, డ్యూటీ అన్నీ జోడీగానే.

ఇంకో మాట. జవాన్లను తూటా కంటే ఎక్కువ తినేది ఇంటి నుంచి వచ్చే ఫోన్. గెట్టు పంచాయితీ అయిందని అన్న, అత్తతో పడట్లేదని భార్య, బాపుకు బాగాలేదని చెల్లె. సెలవు దొరకదు, నిద్ర పట్టదు. మీ అమ్మ ఫోన్‌లో రోజూ ఏడిస్తే ఆ పిల్లగాడు అక్కడ సగం చస్తాడు. ముందు ఆ ఏడుపు ఆపండి.

జవాన్ కొడుకు
హవల్దార్ గారూ, మొత్తం తెచ్చి ఇంటివాళ్ల మీదే పడేశారు. ఇంటివాళ్ల సంగతి నేను చెబుతాను.

మా నాన్నదీ ఆర్మీయే. కశ్మీర్‌లో కుప్వారా వైపు చాలాకాలం చేసి వచ్చారు. తాగలేదు, ఎవరినీ కొట్టలేదు. పంద్రాగస్టుకు మా ఊరి బడిలో జెండా ఆయన చేతే ఎగరేయించేవారు. రాత్రయితే మాత్రం రెండు గంటలకోసారి లేచి టార్చి పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగేవారు. దొడ్డి తలుపు గొళ్లెం, బావి దగ్గర మోటారు గది, గడ్డివాము వెనక, అన్నీ చూసొచ్చి నన్ను లేపేవారు. అప్పుడు నాది నాలుగో తరగతి. టార్చి నా చేతిలో పెట్టి 'ఇక నీ డ్యూటీ' అనేవారు. నేను గడప మీద కూర్చున్నానని చూసుకున్నాకే కళ్లు మూసేవారు. కోడి కూసేదాకా నేనక్కడే. పొద్దున బళ్లో కునుకు తీస్తే సార్లు కొట్టేవారు.

మా అమ్మ ఒక్కరోజు కూడా ఫోన్‌లో ఏడవలేదు సార్. మరి మా నాన్నను తిన్నదేంటి?

పత్తిచేను, జమ్మికుంట
చదివితే మస్తు బాధయింది తమ్మీ.

హవల్దార్ సాబ్, హుజూరాబాద్
మీ నాన్నగారికి నా సెల్యూట్. కానీ ఒక్క ఇంటి సంగతి పట్టుకుని ఊరందరినీ భయపెట్టొద్దు. రిటైరయ్యాక మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంటుంది, డాక్టర్‌కు చూపించాల్సింది. సర్వీసులో ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదంటారేమో. మా కాలంలో నిద్ర పట్టట్లేదని యూనిట్ డాక్టర్ దగ్గరికి పోతే మెడికల్ కేటగిరీ తగ్గించేవారు. మా కేటగిరీని షేప్ అంటారు, అందులో మొదటి అక్షరం ఎస్ మనసుకు సంబంధించింది. అది తగ్గితే రైఫిల్ చేతికివ్వరు, ప్రమోషన్ ఆగుతుంది, బ్యారక్‌లో అందరికీ తెలుస్తుంది. అందుకే ఎవడూ నోరు విప్పేవాడు కాదు. అది క్రమశిక్షణ.

జవాన్ కొడుకు
మీరు రాసింది మీరే ఇంకోసారి చదువుకోండి. డాక్టర్‌కు చూపించాల్సింది అంటారు. చూపిస్తే నౌకరీకి దెబ్బ అని మీరే అంటారు. మా నాన్న ఏ వరసలో నిలబడాల్సింది?

అక్కా, ఇంకోటి గమనించండి. ఆయనకు పెన్షన్ అన్నా ఉండేది. నాలుగేళ్లకు తిరిగొచ్చే అగ్నివీర్‌కు మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్ఎస్ కూడా లేదు. కాలు పోతే మెడికల్ బోర్డు చూస్తుంది, శాతం రాస్తుంది, పరిహారం ఇస్తుంది. 23 ఏళ్లవాడు రాత్రి లేచి గోడ చుట్టూ తిరిగితే ఆ శాతం ఎవరు కొలుస్తారు?

లెక్కల మనిషి
నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఈ స్కీమ్ మీద లొల్లి అయినప్పుడు పోలీసు కాల్పుల్లో పోయింది మన వరంగల్ జిల్లా పిల్లగాడే. వాళ్లు మిలిటరీ వద్దని పోలేదు, పూర్తి నౌకరీ కావాలని పోయారు. మన పిల్లలకు యుద్ధమంటే భయం లేదు. 23 ఏళ్లకు ఇంటికొచ్చి ఏం చేయాలన్నదే భయం.

కేయూ రన్నర్
కేంద్ర బలగాల్లో 10 శాతం రిజర్వేషన్ ఇస్తామన్నారు కదా అన్నా.

లెక్కల మనిషి
రిజర్వేషన్ అంటే నౌకరీ కాదు తమ్మీ. మళ్లీ పరీక్ష, మళ్లీ ఉరుకుడు. మొదటి బ్యాచ్ 2026 చివర, 2027 మొదట్లో బయటికొస్తుంది. అప్పుడు మాట్లాడుకుందాం.

గల్ఫ్ కోరుట్ల
నేను లేబర్ క్యాంపులో ఉంటా. ఇక్కడ ఒక రూములో ఎంతమంది నిద్ర పట్టక లేచి కూర్చుంటారో ఎవరికీ పట్టదు. మాలో ఒకడు పోతే శవం ఊరికి చేరడానికే నెలలు పడుతుంది. అగ్నివీర్ చనిపోతే 48 లక్షల ఇన్సూరెన్స్, డ్యూటీ వల్ల అయితే ఇంకో 44 లక్షలు. మాకేముంది? పంపించక్కా, ఏం ఆలోచించకు.

ములుగు మాస్టర్
మిలిటరీవాళ్లకే మనసు ఉన్నట్టు మాట్లాడుతున్నారు. 90లలో ములుగు, ఏటూరునాగారం పల్లెల్లో పగలు పోలీసులు, రాత్రి నక్సలైట్ అన్నలు. కుక్క మొరిగితే దీపం ఆర్పేవాళ్లం. ఏ యూనిఫామూ వేసుకోని ముసలమ్మలకు కూడా ఆ తర్వాత నిద్ర లేదు. వాళ్ల సంగతి ఎవరు రాశారు?

పత్తిచేను, జమ్మికుంట
మాస్టారూ, ఆమె అడిగింది అది కాదు.

ములుగు మాస్టర్
నేను చెప్పేది అదే. యుద్ధం కోసం కశ్మీర్ దాకా పోవాల్సిన పని లేదు.

హవల్దార్ సాబ్, హుజూరాబాద్
ఎటెటో పోతోంది. అమ్మాయి సూటిగా అడిగింది, సూటిగా చెబుతున్నాను. పంపండి. అక్కడ పోయేవాడికంటే మనిషయ్యేవాడే ఎక్కువ. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు, మహావీర్ చక్ర వచ్చింది. తెలంగాణ మొత్తం తల ఎత్తుకుంది. అలాంటి గడ్డ మీద పుట్టి 'నిద్ర పట్టదేమో' అని లెక్కలేసుకోవడమేంటి? జవాన్ కొడుకు గారూ, మీ నాన్న దేశానికి కాపలా కాశారు. నలుగురిలో ఆయన రాత్రుల గురించి రాసి మీరు ఆయన్ని పిరికివాణ్ని చేస్తున్నారు.

జవాన్ కొడుకు
పిరికివాడు అన్న మాట మీ నోట్లోంచి వచ్చింది, నా నోట్లోంచి కాదు. నిద్ర పట్టకపోవడం పిరికితనమని మీరు ముందే తేల్చేసుకున్నారు. మా నాన్న కూడా అదే అనుకున్నారు. అందుకే ఎవరికీ చెప్పకుండా పోయారు. కల్నల్ గారి పేరు నా ముందు పెడితే నేను నోరు మూసుకుంటాననుకున్నారా? ఆయన మీద నాకెంత గౌరవమో మీకు తెలియదు. బతికి తిరిగొచ్చినవాళ్లకు విగ్రహాలుండవు సార్, వాళ్ల గురించే అడుగుతున్నాను.

మా నాన్న ఉండగా ఆయన యూనిట్ దోస్తు ఒక్కడైనా ఇంటికొచ్చి 'నాకూ ఇట్లనే ఉంది' అని ఉంటే చాలు. పెళ్లిళ్లకు వచ్చారు, భోంచేశారు, ఫొటోలు దిగారు. మీరూ అలాంటి దోస్తే అయి ఉంటారు ఎవరికో.

కేయూ రన్నర్
అన్నా జర ఆగండి, పెద్దాయన.

హవల్దార్ సాబ్, హుజూరాబాద్
నాకూ ఉంది. విన్నావా? ద్రాస్ నుంచి వచ్చినప్పటి నుంచి ఉంది. అయితే ఏం చేయమంటావు? చెప్పుకుంటే పోతుందా? మేం చెప్పుకోలేదు. పొలం చేశాం, పిల్లల్ని చదివించాం, పెళ్లిళ్లు చేశాం. నీకు చెప్పుకోవడం గొప్ప, మాకు మోయడం గొప్ప. అంతే తేడా.

జవాన్ కొడుకు
మీరు ఒక్కరే మోశారనుకుంటున్నారు. మా ఇంట్లో టార్చి నేను పట్టుకున్నాను.

ఓరుగల్లు నర్సు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు హెల్ప్‌లైన్ ఉంది, టెలి మానస్ 14416, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. 2023 డిసెంబర్‌లో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో ఫౌజీల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం విడిగా ఒక విభాగం పెట్టారు. హవల్దార్ గారూ, మీరు రిటైరై ఎన్నేళ్లయినా చేయొచ్చు. కేటగిరీ తగ్గించేవాళ్లు ఇప్పుడెవరూ లేరు కదా.

పరకాల అక్క
ఇంత మంది రాస్తారనుకోలేదు. నేను మొదట రాయని సంగతి ఒకటుంది. నా పెళ్లికి నాన్న చేసిన అప్పు ఇంకా తీరలేదు. రెండేళ్లుగా పత్తి కూడా కలిసి రాలేదు. సేవానిధి పైసలతో ఆ అప్పు కట్టేస్తానని తమ్ముడు వాళ్ల దోస్తుతో అన్నాడట, వాడు నాకు చెప్పాడు. నాకు భయం యుద్ధమంటే కాదు. వాడు యూనిఫామ్ ఇష్టపడి పోతే నేనే బస్సెక్కిస్తాను. వాడు నా కోసం పోయి ఏదైనా అయితే నేను అమ్మ మొహం ఎట్లా చూడాలి?

హవల్దార్ సాబ్, హుజూరాబాద్
బిడ్డా, మేమంతా కడుపు కోసమే పోయాం. మా బ్యాచ్‌లో దేశం కోసం వచ్చానన్నవాణ్ని చూసి నవ్వేవాళ్లం. దేశం అక్కడికి పోయాక పక్క బెడ్డువాడి రూపంలో పరిచయమవుతుంది. అప్పు కోసం పోవడం తప్పు కాదు.

జవాన్ కొడుకు
తప్పని నేనూ అనను. కానీ అప్పు కోసం పోయినవాడు మధ్యలో చేతకావట్లేదని చెప్పలేడు. చెబితే ఇల్లు మునుగుతుందని అనుకుంటాడు. అక్కా, ర్యాలీకి పోనివ్వండి, ఆపొద్దు. పోయేముందు మాత్రం అప్పు సంగతి మీకు తెలుసని వాడితో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. దానికి నాలుగేళ్లు పట్టాలా, వేరే దారేదైనా ఉందా, మీ ఆయనతో కూడా మాట్లాడి తేల్చండి.

హవల్దార్ సాబ్, హుజూరాబాద్
ఎక్కువ మాట్లాడితే పిల్లగాడి మనసు విరుగుతుంది. ర్యాలీ అయ్యేదాకా ఏం అనకండి.

జవాన్ కొడుకు
మళ్లీ అదే.

పరకాల అక్క
ఆదివారం మాట్లాడతాను. మా ఆయన కూడా వస్తానన్నాడు.

కేయూ రన్నర్
అక్కా, పెళ్లి కాలేదని సర్పంచ్ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాడా? ఫొటో అతికించి ఉండాలి, ఆరు నెలల లోపలిది కావాలి. అఫిడవిట్ కూడా పది రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించాలి. నిరుడు మా దోస్తును గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపారు. ఉరుకుడు టైమ్ ఇంకా చెప్పలేదు మీరు.

పరకాల అక్క
5.40 అంటున్నాడు.

కేయూ రన్నర్
ఇంకో పది సెకన్లు తగ్గాలి. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు రమ్మనండి, మేం నలుగురం ఉరుకుతున్నాం.