అప్‌డేట్: ఉద్యోగం కోసమా, ప్రభువు కోసమా?

ఉద్యోగం కోసం ప్రార్థించి, అది దొరికిన తరువాతే బాప్తిస్మం తీసుకున్న నా విశ్వాసం నిజమైనదేనా అని కిందటి నెల అడిగాను. ఒంగోలు మిషన్ చరిత్ర చదవమని ఒకరు సూచించారు, చదివాను. 1876-78 నాటి కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు గాని, తిండి కోసమే వస్తున్నారేమోనన్న సందేహంతో ఆ సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. సహాయం ఆగిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎవరి మనసులో ఏముందో మనకు తెలియదు. అయినా ఇవ్వడానికి కూలి లేని రోజున వారు వచ్చారన్నది నన్ను కదిలించింది.

రొట్టెలు తిని తృప్తి పొందినందుకే నన్ను వెదకుతున్నారని యోహాను 6వ అధ్యాయంలో యేసు జనసమూహంతో అన్నమాట నాకూ వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాను. నా మొదటి అడుగు రొట్టె కోసమే.

పోయిన వారం ఆ ఉద్యోగం పోయింది. ఆదివారం ఆరాధనలో మరో ఉద్యోగం అడగాలని కూర్చున్నాను గాని అడగలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.