యాసంగి పొలానికి రాత్రిపూట ఏ టార్చిలైటు మంచిది?

పాకాల ఆయకట్టు రైతు:
మిత్రులకు నమస్కారం. మాది నర్సంపేట దగ్గరి పల్లె. యాసంగి వరికి నీళ్లు పెట్టడానికి రాత్రివేళ గట్ల మీద నడవవలసి వస్తుంది. కట్లపాములు తిరిగేదీ ఆ వేళలోనే. పోయిన ఏడాది వరంగల్‌లో కొన్న టార్చి పెట్టె మీద రెండు కిలోమీటర్ల వెలుగని రాసి ఉన్నా, అది ఎక్కడో దూరాన తెల్లటి చుక్క వేస్తుందే తప్ప కాళ్ల ముందున్న గట్టును చూపదు. మూడు నెలలకే ఛార్జింగు గంటసేపు కూడా నిలవడం లేదు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఎలాంటిది కొనాలో దయచేసి చెప్పండి.

టార్చిల మరమ్మతుదారు, హనుమకొండ:
నమస్కారం అన్నా. ల్యూమెన్లు టార్చి నుంచి వెలువడే మొత్తం వెలుగును చెబుతాయి. ఆ వెలుగు ఒకే దిక్కున ఎంత గుమిగూడిందో చెప్పేది క్యాండెలా. వెలుగు 0.25 లక్స్‌కు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంతకు తగ్గే చోటు వరకే టార్చి దూరాన్ని లెక్కిస్తారు. 10,000 క్యాండెలాల టార్చికి ఆ దూరం 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలాలు నాలుగింతలు కావాలి కాబట్టి, పది రెట్ల దూరమైన రెండు కిలోమీటర్లకు నూరు రెట్లు, అంటే 10 లక్షలు అవసరమవుతాయి. వెయ్యి రూపాయల టార్చికి అది అయ్యే పని కాదు. బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నెను రిఫ్లెక్టరు అంటారు. నున్నగా, లోతుగా ఉండే రిఫ్లెక్టరు వెలుగును దూరానికి నెడుతుంది, నారింజ తొక్కలా గరుకుగా ఉండేది దాన్ని పరుస్తుంది. మీకు కావలసింది రెండోది. నడకకు 200, 300 ల్యూమెన్లు చాలు.

ఇక సెల్లు సంగతి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 సెల్లులో నిజంగా పట్టేది సుమారు 3,500 ఎంఏహెచ్ (సెల్లులో నిలిచే ఛార్జింగు కొలత) వరకే. దాని మీద 9,900 అని రాసి ఉంటే ఆ టార్చిని అక్కడే వదిలేయండి.

ఏటూరునాగారం వాసి:
మాకు అడవి పందుల బెడద ఉన్నందున దూరం పడే వెలుగు కూడా అవసరమే. అయినా గట్టు మీద నడిచేటప్పుడు నేను తలకు కట్టుకునే లైటునే వాడతాను, మోటారు స్టార్టరు దగ్గర రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పొగమంచు పడిన రాత్రి మాత్రం దాని వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది, అప్పుడు చేతి టార్చిని నడుము కంటే కిందికి పట్టుకోవాలి. మడిలో జారిపడినా పాడుకాకుండా ఐపీఎక్స్7 గుర్తు ఉన్నది చూడండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని దాని అర్థం.

పాకాల ఆయకట్టు రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా టార్చి సెల్లు మీద 8,800 అని ఉంది. సెల్లు ఒక్కటే మార్చుకోవచ్చా తమ్ముడూ?

టార్చిల మరమ్మతుదారు, హనుమకొండ:
వెనుక మూత మర తిప్పి సెల్లు బయటికి తీయగలిగితే మార్చుకోవచ్చు అన్నా. అయితే ఛార్జింగు నిలుస్తుంది గాని, గట్టు మీద వెలుగు పరుచుకోదు.