అప్‌డేట్: నాన్న యాంటీబాడీ రిపోర్టు సంగతి తేలింది

కోవిషీల్డ్ రెండు డోసులు వేసుకున్నా నాన్నకు యాంటీబాడీలు నెగెటివ్ వచ్చాయి, టీకా పనిచేయలేదా అని అడిగాను కదా. నల్గొండలో మాకు తెలిసిన డాక్టరుగారు రిపోర్టు మూలన చిన్న అక్షరాల్లో ఉన్న 'న్యూక్లియోకాప్సిడ్' (వైరస్ లోపల ఉండే ఒక ప్రొటీన్) అనే మాట కింద పెన్నుతో గీత గీసి చూపించారు. కోవిషీల్డ్ మన ఒంటికి పరిచయం చేసేది వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్ ఒక్కదాన్నే. నాన్నకు చేసిన టెస్టు వెతికేదేమో న్యూక్లియోకాప్సిడ్ యాంటీబాడీలను. కాబట్టి ఈ టెస్టుకు ఆ టీకా యాంటీబాడీలు దొరకవు. మొత్తం వైరస్‌ను చంపి తయారుచేసే కోవాగ్జిన్ సంగతి వేరు, దాంతో న్యూక్లియోకాప్సిడ్ యాంటీబాడీలు కూడా రావచ్చు.

స్పైక్ టెస్టు చేయిస్తే పాజిటివ్ వచ్చింది! ల్యాబ్ వాళ్లు ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే నాన్న వారం రోజులు అన్నం సరిగా తినకుండా టెన్షన్ పడేవారు కాదు. 2021 జూన్-జులైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన సర్వేలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అందులో స్పైక్, న్యూక్లియోకాప్సిడ్ యాంటీబాడీలు రెండూ చూశారు.

నాన్న మాస్కు మాత్రం తీయడం లేదు. నేనూ తీయొద్దనే చెప్పాను.