సమస్య: ఎరుగనట్టివాడె యింటివాడు

పెద్దచెరువు (నిర్వాహకుడు):
చీమల సమస్య గుర్తుందా? దాని కింద పూరణలు తక్కువ, ముచ్చట్లు ఎక్కువ. పరకాల వాళ్లొకరు, జమ్మికుంట వాళ్లొకరు పద్యం మీద కొట్లాడుకుంటూ కొట్లాడుకుంటూ, చివరికి ఇద్దరూ ఒకే మేనత్తకు అల్లుళ్ల వరస అని తేల్చుకున్నారు. అది చదివి నవ్వుకుంటుంటే ఈ ఆటవెలది పాదం తట్టింది. ఇది చివర వచ్చేట్టు పై మూడు పాదాలు మీరు పూరించాలి.

ఎరుగనట్టివాడె యింటివాడు

క్రమాలంకారం పేరుతో మూడు ప్రశ్నలు వేసి, జవాబులు వరసగా చివరి పాదంలో చూపి తప్పించుకునేవాళ్లు ఈసారికి ఆగండి. మన ఓరుగల్లు దిక్కు సంగతి ఏదో ఒకటి పద్యంలో ఉండాలి.

యతిమైత్రి:
"ఎఱుఁగ" కదండీ. బండి ఱ, అరసున్న రెండూ ఒకేసారి మింగేశారు.

పెద్దచెరువు:
ఫోన్‌లో వెతికే ఓపిక లేదు సార్. మీరు పూరణ పెట్టేటప్పుడు రెండూ కక్కండి.

మిల్లుకాలనీ:
ఇది జరిగిందే. ఎవరి దగ్గర జరిగిందో చెప్పను.

తాత పేరు చెప్పి తాలూకు నడుగఁగ
వాడ పేరు చెప్పె, బావిఁ జెప్పె
మేనమామ కొడుకె మీరంట! నిజమయ్య!
ఎరుగనట్టివాడె యింటివాడు

యతిమైత్రి:
అడిగింది మీరు. చెప్పింది ఎవరు? రెండో పాదంలో కర్త ఏడీ? "నిజమయ్య" గణం నింపడానికి తెచ్చిన కూలీ.

హంటర్ రోడ్డు:
అది కూలీ కాదు, నమ్మలేక నోట్లోంచి వచ్చిన మాట. పద్యమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. ఇక కర్త అంటారా, ఎరుగనివాడికి పేరు ముందే పెడితే సమస్య ఎక్కడుంటుంది?

కాజీపేట కిరాయిదారు:
అన్నా, "తాలూకు" అనడంతోనే నీ వయసు బయటపడింది. మండలాలు వచ్చింది 1985లో.

మిల్లుకాలనీ:
వయసు దాచేది ఏముంది? మా తాత ఆజంజాహి మిల్లులో చేశాడు. 1934లో పెట్టిన మిల్లు, నిజాం కొడుకు ఆజంజా పేరు మీద. మా ఇంట్లో గోడ గడియారం చాలా ఆలస్యంగా వచ్చింది. మిల్లు కూత వింటే చాలు, మా అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టేది. సెలవు రోజు కూత లేకపోతే అన్నం ఆలస్యమయ్యేది, తాత అలిగేవాడు.

హంటర్ రోడ్డు:
మా నాయనమ్మ కూడా మిల్లు కూతనే లెక్క పెట్టుకునేది. మీ తాతది నూలు దిక్కా, నేత దిక్కా?

మిల్లుకాలనీ:
నేత. ఎందుకు?

హంటర్ రోడ్డు:
విడిగా రాస్తా. ఇక్కడ యతిమైత్రి గారు మన వంశవృక్షంలో కూడా కర్త ఏడీ అని అడుగుతారు.

కృష్ణ ఒడ్డు:
మాది విజయవాడ. ఒక సందేహం. "బావిఁ జెప్పె" అంటే ఏమిటి? ఇల్లు గుర్తుపట్టడానికి బావి ఎందుకు?

మిల్లుకాలనీ:
మా పాత వాడలో నాలుగైదు ఇళ్లవాళ్లకు ఒకే చేదబావి. ఇంటి నంబరు ఎవరికీ గుర్తుండదు. "పుల్లనీళ్ల బావి కాడి ఇల్లు" అంటే పోస్టుమ్యాన్‌కు కూడా చాలు. ఆ బావి నీళ్లు పుల్లగా ఉంటాయని బయటివాడికి తెలియదు, తాగినవాడికే తెలుసు. అవతలివాడు ఆ మాట అనగానే నాకు ఒళ్లు జలదరించింది.

యతిమైత్రి:
ఆ "పుల్లనీళ్లు" పద్యంలో పెట్టాల్సింది. వివరణలో పెట్టారు. పద్యంలో ఉత్త బావి మిగిలింది.

(ఇది మాత్రం సరైన మాట. - పెద్దచెరువు)

తంగేడు పువ్వు:
మా అవ్వ చెప్పుకున్నట్టు రాశాను.

తెరను దించువేళ దిగులుగాఁ జూచితి
జీలకఱ్ఱఁ బెట్టు చేయి వణకె
నాఁటినుండి నాకు నలుదిక్కులును దానె
ఎరుగనట్టివాడె యింటివాడు

హంటర్ రోడ్డు:
అక్కా, దండం. సమస్యను తిప్పలేదు, విరవలేదు, ఉన్నది ఉన్నట్టే పెళ్లిపీట మీద కూర్చోబెట్టారు. వణికింది ఎవరి చేయో చెప్పకుండా వదిలేయడం ఇంకా బాగుంది.

యతిమైత్రి:
జీ-చే యతి ముచ్చటగా ఉంది. కానీ "ఇంటివాడు" అంటే పెళ్లైనవాడని లోకం అంటుంది, "ఓ ఇంటివాడయ్యాడు" అన్నట్టు. భార్య తన భర్తను ఇంటివాడు అంటుందా?

తంగేడు పువ్వు:
మా అవ్వ "మా ఇంటాయన" అనేది. సమస్యలో ఇంటాయన లేడు, నిర్వాహకుడు ఇంటివాడినే ఇచ్చాడు. ఉన్నవాడితోనే సంసారం చేశాను.

కృష్ణ ఒడ్డు:
హహ. దీనికి జవాబు లేదు యతిమైత్రి గారూ.

తంగేడు పువ్వు:
పద్యంలో పట్టనిది ఇంకొకటి ఉంది. పెళ్లైన ఏడు అవ్వ, పండుగ చివరి రోజు ఆడే సద్దుల బతుకమ్మ రెండుసార్లు ఆడింది. తల్లిగారింట్లో ఏడో రోజే సద్దులు. అవి ఆడి అత్తగారింటికి వస్తే అక్కడ తొమ్మిదో రోజు. "ఇంకోసారి ఆడాలా?" అని అమాయకంగా అడిగిందట. ఆ ఇంట్లో ఆ మాట ఆమె చనిపోయేదాకా నవ్వులాటగా ఉండేది.

హంటర్ రోడ్డు:
ఏడో రోజు అంటే మీ అవ్వ తల్లిగారిది వేములవాడ దిక్కు.

తంగేడు పువ్వు:
నేను ఊరి పేరు ఎక్కడా రాయలేదే!

హంటర్ రోడ్డు:
అక్కడ ఏడో రోజే సద్దులు చేసుకుంటారు. మా పెద్దమ్మను అక్కడే ఇచ్చారు. ఆడబిడ్డ అత్తగారింట్లోనూ తల్లిగారింట్లోనూ రెండుచోట్లా ఆడుకోవాలని అట్లా పెట్టారని అక్కడివాళ్లు చెప్తారు.

సూరత్ శాలి:
నమస్తే. మా తాత మగ్గం పని కోసం ఇటు వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను, ఛందస్సు మీ అందరి దగ్గర. తప్పులుంటే చెప్పండి.

పట్నమేసి తాత బండారి చల్లఁగ
నొగ్గుడోలు మోగ నూరు కదలె
సూరతేగినట్టి సుతునకు నేఁడాయె
నెరుగనట్టివాడె యింటివాడు

ఇంటివాడు అంటే మా ఇంటి దేవుడు మల్లన్న. బండారి అంటే ఆయన పసుపు.

యతిమైత్రి:
"పట్నమేసి" గ్రామ్యం. "పట్నము వేసి" అనాలి.

మిల్లుకాలనీ:
"పట్నము వేసి" అంటే ఒగ్గువాళ్లు నవ్వి డోలు దించుతారు. గ్రామ్యం సంగతి వదిలేయండి, అసలు తప్పు వేరే ఉంది. పట్నం తాత వేయడు. అది ఒగ్గు పూజారులు, అంటే మల్లన్న కథ చెప్పేవాళ్లు, నేల మీద రంగుల పొడులతో వేసే ముగ్గు. ఇంటి పెద్ద బండారి పట్టుకుని పక్కన ఉంటాడు. "మేసి" తీసి "మేయ" పెట్టండి తమ్మీ. "పట్నమేయ తాత బండారి చల్లఁగ". ఒక్క అక్షరంతో ఎవరి పని వాళ్లకు వస్తుంది.

యతిమైత్రి:
"మేయ" అంటే గొర్రెలు మేసినట్టు వినిపిస్తుంది.

మిల్లుకాలనీ:
మల్లన్న గొల్లకురుమల దేవుడు. గొర్రెలు మేస్తే ఆయనకు సంతోషమే.

హంటర్ రోడ్డు:
శాలి తమ్మీ, మల్లన్న అన్నావు సరే, ఏ ఊరి గుడి మల్లన్న? ఐనవోలా, కొమురవెల్లా?

సూరత్ శాలి:
అదే తెలియదు అన్నా. అందుకే "ఎరుగనట్టివాడె" అన్నాను. నాన్న "మల్లన్న" అంటాడు, అంతే. ఇంట్లో ఒక చిన్న పటం ఉంది, దాని మీద ఊరి పేరు లేదు. తాతది వర్ధన్నపేట దగ్గర ఊరు అని మాత్రం తెలుసు.

హంటర్ రోడ్డు:
వర్ధన్నపేట దిక్కు అయితే ఐనవోలు దగ్గర. కానీ దగ్గర అని చెప్పి తేల్చలేం. మొక్కు ఉంటే ఎంత దూరమైనా పోతారు. రెండు చోట్లా జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా నడుస్తుంది, కాబట్టి తిథితో కూడా తేలదు. మీ నాన్నను ఇది అడుగు: చిన్నప్పుడు జాతరకు బండి కట్టుకుని తెల్లారి పోయి అదే రాత్రికి ఇల్లు చేరేవాళ్లా, మధ్యలో ఎక్కడైనా పండుకునేవాళ్లా? పండుకుంటే కొమురవెల్లి అయ్యుండొచ్చు.

కాజీపేట కిరాయిదారు:
అందరూ దేవుళ్లు, అవ్వలు, తాతలు. నా బాధ వినండి.

నెలకు నెల కిరాయి నీటుగాఁ బంపుదు
ఫోనుపేలొ నతని పొట్టి పేరె
అన్న యుండునంట యమెరికా పట్నాన
ఎరుగనట్టివాడె యింటివాడు

యతిమైత్రి:
"కిరాయి" జగణం. ఆటవెలదిలో జగణమా? మొదటి పాదంలోనే కుప్పకూలింది.

తంగేడు పువ్వు:
నెలకు, నెలకి, రాయి. గణం విడగొట్టి చదవండి సారూ, పదం విడగొట్టి కాదు.

హంటర్ రోడ్డు:
రాయి వచ్చి నెత్తిన పడింది. కిరాయిదారు అన్నా, అసలు జారింది రెండో పాదంలో. "లో"ను కుదించి "లొ" చేశావు. "ఫోనుపేన నతని" అంటే సరిపోతుంది. గురువుగారు లేని తప్పు పట్టి ఉన్న తప్పు వదిలేశారు. చీమల పద్యానికీ ఇదే చేశారు.

యతిమైత్రి:
చీమల పద్యంలో నేను గణం తప్పు పట్టలేదు. చమత్కారం చచ్చిపోయింది అన్నాను. ఇప్పుడూ అదే అంటాను. చూడనివాళ్ల కోసం హంటర్ రోడ్డు గారి పూరణ ఇక్కడ పెడుతున్నాను, సమస్య "చీమలెల్లను బంగారు చెంతఁ జేరె":

అవ్వ మేడారమందున నందఱెదుట
తూచె నిలువెత్తు బంగారు తోడ నన్ను
పొట్లమును విప్ప బెల్లపుఁ బొడులు రాలె
చీమలెల్లను బంగారు చెంతఁ జేరె

మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారని మన దిక్కు పసిపిల్లకు తెలుసు. చీమలు బంగారం చుట్టూ ఎందుకు చేరాయో చదివేవాడు ఆలోచించి నవ్వుకోవాలి. మూడో పాదంలో "బెల్లపు" అని విప్పేశాక ఇంకేం మిగిలింది?

కృష్ణ ఒడ్డు:
యతిమైత్రి గారూ, ఆ పదం లేకపోతే నాకు ఆ పద్యం జన్మలో అర్థమయ్యేది కాదు. నిలువెత్తు బంగారం అంటే నిజంగా బంగారమే అనుకున్నాను. ఇంత డబ్బున్న అవ్వ ఎవరబ్బా అని ఆశ్చర్యపోయాను.

హంటర్ రోడ్డు:
అదీ సంగతి. నేను హనుమకొండ వాళ్ల కోసం మాత్రమే రాయలేదు.

యతిమైత్రి:
వివరణ కింద రాయొచ్చు, పద్యంలో కాదు.

హంటర్ రోడ్డు:
కాసేపటి కింద మిల్లుకాలనీ అన్నకు "పుల్లనీళ్లు వివరణలో పెట్టారు, పద్యంలో పెట్టాల్సింది" అన్నది ఎవరు?

యతిమైత్రి:
పుల్లనీళ్లు దృశ్యం, బెల్లం జవాబు. రెండూ ఒకటి కావు.

పెద్దచెరువు:
ఇద్దరూ ఆగండి. నాకు తోచింది చెప్తాను. మన ఊరివాడికి చెప్పేటప్పుడు బెల్లం దాచాలి, పరాయివాడికి చెప్పేటప్పుడు విప్పాలి. ఇద్దరూ ఒకేచోట కూర్చుంటే ఆ పద్యం ఎవరికో ఒకరికి చప్పగానే ఉంటుంది. హంటర్ రోడ్డు గారు కృష్ణ ఒడ్డు గారిని ఎంచుకున్నారు, అది ఆయన ఇష్టం. నేనైతే "బెల్లపు" బదులు తీపి వాసన మాత్రం చూపించేవాణ్ని.

కృష్ణ ఒడ్డు:
ఒక మాట అడగొచ్చా? మేడారంలో అమ్మవార్లకు విగ్రహం ఉండదంటారు, నిజమేనా?

హంటర్ రోడ్డు:
ఉండదు. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. రెండేళ్లకోసారి మాఘంలో. భక్తులు జంపన్నవాగులో మునిగి గద్దెల దగ్గరికి పోతారు. మా అవ్వ నన్ను తూచిన మాట మాత్రం నిజం. ఆ బెల్లం ఇంటికి తెచ్చి వాడకట్టంతా పంచింది, మాకు చిన్న ముక్క మిగిలింది.

కాజీపేట కిరాయిదారు:
నా కిరాయి పద్యం ఎవరికైనా గుర్తుందా?

తంగేడు పువ్వు:
గుర్తుంది అన్నా. మీ ఓనరు చదివితే కిరాయి పెంచుతాడు.

సూరత్ శాలి:
నాన్నను ఫోన్‌లో అడిగాను. తెల్లవారకముందే బండి కట్టేవాళ్లట, రాత్రికి ఇల్లు చేరేవాళ్లట. దారిలో పండుకోలేదు. ఊరి పేరు నేను "ఐనవోలా?" అనగానే ఆయన "మరి ఇంకేంటి, నీకు తెలియదా?" అని నన్నే కోప్పడ్డాడు. ఇన్నేళ్లూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పట్నం సంగతి కూడా మిల్లుకాలనీ అన్న చెప్పినట్టే. "మేయ" చేశాను.

మిల్లుకాలనీ:
సంక్రాంతికి వస్తే చెప్పు తమ్మీ. బండారి నేను తెస్తా.

యతిమైత్రి:
అయితే ఇప్పుడు నాలుగో పాదం అబద్ధమైపోయింది. ఇంటివాణ్ని ఎరిగిపోయారు కదా.

పెద్దచెరువు:
ఈ వారం నాకు నచ్చిన పూరణ తంగేడు పువ్వు గారిది. ఒక్క అక్షరం సవరణకు మిల్లుకాలనీ గారికి సగం మార్కు. ఆ రెండు సద్దుల ముచ్చట నన్ను వదలడం లేదు, అందుకని వచ్చే వారానికి ఇది, తేటగీతిలో:

సద్దులాడిరి బతుకమ్మ సద్దులేక

కృష్ణ ఒడ్డు:
సద్దులు అంటే ఏమిటో ముందే చెప్పండి. మళ్లీ బంగారం కథ కాకూడదు.

తంగేడు పువ్వు:
చివరి రోజు బతుకమ్మ దగ్గరికి తీసుకుపోయే సద్ది. మా ఇంట్లో అయిదు రకాలు: చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వులది, కొబ్బరిది, నిమ్మకాయది. సమస్యలో రెండో "సద్దు" అంటే చప్పుడు. అయిదు రకాలూ మూడు పాదాల్లో ఇమిడ్చినవాళ్లకు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు నేను పంపిస్తాను.

యతిమైత్రి:
"నిమ్మకాయది" ఏ గణంలో పడుతుందో ముందు అది చూసుకోండి.