అప్‌డేట్: ఆకుపచ్చ వెలుగు ఎందుకు మసకబారిందో తెలిసింది

ఎఫ్‌ఐటీసీతో (మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసిన్ రంగు) లేబుల్ చేసిన కణాలు మొదటి నుంచే మసకగా ఉన్నాయని, చూస్తుండగానే ఆరిపోతున్నాయని పోయిన వారం అడిగాను. అదే స్లైడ్‌లో కేంద్రకానికి పట్టే డాపీ రంగు నీలం మాత్రం చక్కగా ఉంది. ఆకుపచ్చ రంగును కణంలో అంటించే యాంటీబాడీ పాడైందేమోనని తెగ టెన్షన్ పడ్డాను. అది కాదు.

స్లైడ్ మీద కణాలను ఉంచే మౌంటింగ్ ద్రవం పీహెచ్ చూడమని ఒకరు చెప్పారు. పేపర్ ముంచితే దాదాపు 6. ఫ్లోరెసిన్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని ఉండే పీహెచ్) సుమారు 6.4 కాబట్టి, అంత ఆమ్లంలో సగానికి పైగా అణువులు ప్రోటాన్ పట్టుకుని ఉంటాయి, 495 నానోమీటర్ల దగ్గర కాంతిని సరిగా పీల్చుకోవు. గ్లిసరాల్‌లో 8.5 పీహెచ్ బఫర్, వెలుగు త్వరగా ఆరిపోకుండా కాస్త ప్రొపైల్ గ్యాలేట్ కలిపి మళ్లీ మౌంట్ చేశాను. అదే యాంటీబాడీ, అవే కణాలు. ఈసారి కణానికి ఆకారమిచ్చే ట్యూబులిన్ ప్రోటీన్ దారాలు కేంద్రకం పక్క నుంచి కణం అంచుదాకా ఒక్కొక్కటిగా కనిపించాయి. చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను!

ఆరిపోవడానికి కారణం మాత్రం నేనే. ఎఫ్‌ఐటీసీని వెలిగించే నీలి కాంతి వేసే ఉంచి కణాలు వెతికేదాన్ని, ఆ కాంతి పడేకొద్దీ రంగు ఆరిపోతుంది. ఇప్పుడు డాపీలో ఫోకస్ చేసుకుని, ఫోటోకి మాత్రమే ఆకుపచ్చ ఛానెల్‌కి మారుతున్నాను.

తర్వాతి బ్యాచ్‌కి అలెక్సా ఫ్లోర్ 488 అనే మరో ఆకుపచ్చ రంగు వాడతాను, దానికి పీహెచ్ 4 నుంచి 10 దాకా ఈ బెడద లేదు. పీహెచ్ సంగతి చెప్పినవారికి చాలా థాంక్స్ అండీ.